దరఖాస్తు తిరస్కరించడమైనది

నూజివీడు ట్రిపుల్ ఐటీలో పీయూసీ రెండేళ్లూ ముగిసి బ్రాంచీలు పంచేవేళ ఇళ్లలో రెండే వాతావరణాలు. సీఎస్‌ఈ వస్తే స్వీట్లు, సివిల్ వస్తే పరామర్శలు. "పోన్లెండి వదినా, పిల్లాడు ఆరోగ్యంగా ఉన్నాడు, అంతే చాలు" అనే ధోరణిలో.

ఈ ట్రిపుల్ ఐటీలను నడపడానికి 2008లో పెట్టిన విశ్వవిద్యాలయానికి తొలి కులపతి ఎవరో ఆ వదినలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఆయనా సివిలే. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గారు 1958లో మద్రాసు గిండీలో సివిల్ పట్టా తీసుకున్నారు. ఆస్ట్రేలియాలో ఎంటెక్, ఐబీఎంలో ఉద్యోగం, ఆపైన 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర కంప్యూటర్ సైన్సులో డాక్టరేటు. 1969లో కార్నెగీ మెలన్ చేరి దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. మనిషి మాటను యంత్రం చెవికెక్కించే పరిశోధనలో తలపండారు. 1994లో కంప్యూటర్ సైన్సు నోబెల్ అనదగ్గ ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కృత్రిమ మేధ నిపుణుడు కై-ఫు లీ ఆయన శిష్యుడే.

ఇంతటి మనిషి వయసు తగ్గించుకుని, మన దగ్గర ఏదో ఒక కాలేజీలో సీఎస్‌ఈ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు అప్లికేషన్ పెట్టారనుకుందాం. పని స్క్రూటినీ బల్ల దగ్గరే అయిపోతుంది.

"బీఈ ఏ బ్రాంచి?"

"సివిల్ సార్."

"రూల్లో 'సంబంధిత బ్రాంచి' అనుంది. పక్కన పెట్టు."

"ట్యూరింగ్ అవార్డు జతపరిచారు సార్..."

"జిరాక్సా? గెజిటెడ్ సంతకం ఏదీ?"

నూజివీడు చుట్టుపక్కల నర్సరీల్లో టెంక నుంచి లేచిన మొక్కకే చిన్నరసం కొమ్మో బంగినపల్లి కొమ్మో అంటు కడతారు. మార్కెట్లో కాయను ముక్కు దగ్గర పెట్టుకుని చూసే షావుకారు ఏనాడూ "అడుగున ఏ టెంకండీ?" అని అడగలేదు. మన కమిటీలు కాయ వంక చూడవు, గునపం పట్టుకుని వేరు దగ్గరకే పోతాయి. నిజానికి ఆ రూలు ఎవరో అర్హత లేనివాళ్లను ఆపడానికే పెట్టి ఉంటారు. వాళ్లు మాత్రం సరైన బ్రాంచి సర్టిఫికెట్టుతో దర్జాగా లోపల కూర్చుని, 'డేటా స్ట్రక్చర్స్' పాత నోట్సు డిక్టేట్ చేస్తున్నారు.

అయినా కమిటీకి జాలి లేకపోలేదు. "పెద్దాయన అంతదూరం నుంచి వచ్చారు. డిప్లొమా పిల్లలకు సర్వే చైను పట్టించడానికి గెస్ట్ ఫ్యాకల్టీగా వేద్దాం. గంటల లెక్కన. మార్చి దాకానే."