హాజరు వేయించుకోలేని మనిషి

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగి లాప్‌టాప్ ఉన్నట్టుండి మొరాయిస్తే అతను ముందుగా ఏం చేస్తాడు? చార్జర్ పీకి మళ్లీ పెడతాడనో, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటాడనో మనం అనుకుంటాం. అదేం కాదు, ఫోన్ తీసి ఫొటో తీస్తాడు. నీలి తెర, దాని మీద ఏడుపు మొహం, కింద ఎర్రర్ పేరు అన్నీ పడేలా, ట్యూబ్‌లైటు మెరుపు అడ్డం రాకుండా కాస్త పక్కకు వంగి మరీ తీస్తాడు. అది టీమ్ వాట్సాప్ గ్రూపులో పడి, మేనేజర్ చూశాడని తేలాకే రీస్టార్ట్ చేస్తాడు. తొందరపడి ముందే రీస్టార్ట్ చేస్తే, ఖర్మ కాలి అది బాగైపోతే, ఆ ఇరవై నిమిషాలూ ఎక్కడికి పోయావంటే ఏం చూపిస్తాడు పాపం? పని ఆగిందన్న బెంగ అతనికి లేకపోలేదు. కానీ అసలు బెంగ వేరే ఉంది. తాను కుర్చీలోనే ఉన్నానని చెప్పే సాక్షి నోరు మూసుకుంది.

ఆఫీసులో ఈ బాధ ఉండేది కాదు. గేటు దగ్గర కార్డు గీకి లోపలికొస్తే హాజరు పడ్డట్టే. సిస్టమ్ పాడైతే సపోర్టు కుర్రాడు వచ్చి చూసేవాడు, మనవాడు క్యాంటీన్‌కి నడిచేవాడు, కుర్చీకి తగిలించిన బ్యాగు అతని తరఫున ఉద్యోగం చేసేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, కొన్ని కంపెనీలు డెస్క్‌టాప్‌లను సైతం ఇళ్లకు చేరవేశాక, గేటూ కార్డూ కుర్చీ బ్యాగూ అన్నీ ఆ ఒక్క పెట్టెలోకి దూరిపోయాయి. మీటింగులు జరిగే మైక్రోసాఫ్ట్ టీమ్స్ యాప్‌లో పేరు పక్కన పచ్చచుక్క ఉంటే మనిషి ఉన్నట్టు. అయిదు నిమిషాలు కదలిక లేకపోతే అది పసుపు రంగుకు తిరుగుతుంది. మౌస్‌ను దానంతటదే కదిలించే పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతున్నాయంటే ఆ చుక్క ధర ఎంతో ఊహించుకోవచ్చు.

అంత బాధపడే బదులు వెళ్లి బాగు చేయించుకోవచ్చుగా అని ఎవరైనా అడుగుతారు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కొట్టుకెళ్లినా తిరగేసి మూత విప్పి చూస్తారు, నిజమే. కానీ యంత్రం కంపెనీది, స్క్రూ మీద చెయ్యి వేసే హక్కు లేదు. ఫిర్యాదు చేయాలంటే టికెట్ పెట్టాలి, టికెట్ పెట్టాలంటే లాప్‌టాప్ తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకు మెయిల్‌కి వస్తుంది, ఆ మెయిలేమో లోపల ఉంది. చివరికి ఫోన్ చేస్తే అరగంట సంగీతం వినిపించాక ఒక గొంతు, తాళం పడ్డ డిస్కును తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ చదవడం మొదలుపెడుతుంది. మొత్తం 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. అటు ఆ గొంతు 'డబుల్ సెవెన్' అంటుంది, ఇటు వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేస్తుంది. అయిదో గుంపులో పడ్డది తొమ్మిదా ఒకటా అన్న సందేహంతో అతను 'సార్, వన్స్ మోర్' అంటాడు, పాట కచేరీలో కూర్చున్నంత మర్యాదగా.

ఇంకో వాదం కూడా ఉంది, కాస్త గట్టిదే: ఇదంతా నటన, లోపల్లోపల అతనికి పండగే, ఉచితంగా సెలవొచ్చినట్టే కదా అని. నిజంగా పండగ ఎలా ఉంటుందో 2024 జులై 19న చూశాం. ఆ శుక్రవారం ఉదయం క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్టే లెక్క చెప్పింది. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లకు బోర్డింగ్ పాస్ పెన్నుతో రాసిచ్చారు. ఆవేళ మన ఉద్యోగుల్లో ఎవడికీ చెమట పట్టలేదు. జోకులు పంచుకున్నారు, మధ్యాహ్నం నిద్ర తీశారు. తెర అదే, ఏడుపు మొహం అదే. అయితే ఆ రోజు టీవీ చానళ్లే సాక్ష్యం చెప్పాయి గనక ఫొటో తీయాల్సిన అగత్యం ఎవరికీ పడలేదు. లాప్‌టాప్ చెడటమే అతనికి సెలవైతే, ఒంటరిగా చెడిన రోజున కూడా ఇంతే హాయిగా పడుకోవాలి. పడుకోడు. ఫోన్‌లోంచి మీటింగులో దూరి, ఎవరూ అడక్కుండానే మైకు తీసి "ఐ యామ్ ఆన్ మొబైల్" అని నాలుగుసార్లు ప్రకటిస్తాడు. చెప్పడానికి అంతకు మించి అతని దగ్గర ఏమీ ఉండదు, పాపం ఫైళ్లన్నీ ఆ చెడిన లాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

ఇంతకంటే తిరుగులేని రుజువు ఇంట్లోనే దొరుకుతుంది. ఆఫీసుకు పదేపదే చాటుకున్న ఈ చావు కబురును అతను ఇంట్లోవాళ్ల దగ్గర మాత్రం నోరు మెదపకుండా దాస్తాడు. ఎందుకంటే ఇంటి లెక్కలో కూడా లాప్‌టాప్ ముందుంటేనే అతను ఉద్యోగి. అది మూసిన మరుక్షణం కరివేపాకు తేవడానికీ, గ్యాస్ బండ మార్చడానికీ, పెద్దమ్మగారి కళ్లజోడు షాపుకీ పనికొచ్చే మగదిక్కు అయిపోతాడు. అందుకని హెడ్‌సెట్ తలకి తగిలించుకుని, నల్లటి తెర ముందు కనుబొమలు ముడిచి, అప్పుడప్పుడూ రెండు మీటలు నొక్కుతూ సాయంత్రం దాకా కూర్చుంటాడు. కాఫీ వేళకి వస్తుంది, పిల్లల్ని గదిలోకి రానివ్వరు. ఆరింటికి కొరియర్ కుర్రాడు బెల్లు కొట్టి, బదులు లాప్‌టాప్ తెచ్చాననీ పాతది ఇచ్చెయ్యాలనీ చెబుతాడు. తలుపు తీసిన ఆవిడ అట్టపెట్టె వంకా మొగుడి వంకా ఓసారి చూసి, "మరి పొద్దుట్నుంచీ అంత తీవ్రంగా ఏం చూస్తున్నారండీ అందులో?" అంటుంది.