తడి చెయ్యి తగలరాదు

మామిడి రైతుకు వేసవిలో బాధలకు కొదవలేదు. పూత నిలిచిందనుకుంటే పిందె రాలుతుంది, పిందె నిలిస్తే గాలివాన వస్తుంది, అదీ దాటితే షావుకారు వస్తాడు. వీటన్నిటికీ గుండె రాయి చేసుకున్నవాణ్ణే. కానీ నూజివీడులో చిన్నరసాల నీడన పెరిగిన నాకు సముద్రపు చేపల వల్ల గండం ఉందని ఏ సిద్ధాంతీ చెప్పలేదు.

విశాఖలో ఉద్యోగం వెలగబెడుతున్న మా సుపుత్రుడు రుషికొండలో స్కూబా డైవింగ్ నేర్చాడు. జీతం వాడిది, గాలి సిలిండర్‌ది, మనకేం పోయిందని ఊరుకున్నాను. ఇప్పుడు కెమెరాతో దిగుతాడట. "1893లోనే ఫ్రాన్సులో లూయీ బూటాన్ నీటి అడుగున ఫొటోలు తీశాడు నాన్నా" అని సాక్ష్యం ఒకటి. 1926లో ఫ్లోరిడాలో తెప్ప మీద మెగ్నీషియం పొడి పేల్చి, ఆ వెలుగులో చేపను రంగుల్లో పట్టారట. మా ఇంట్లో పేలింది నా నెత్తి.

చేతులాడించకుండా నీళ్ళలో నిలకడగా తేలడం వచ్చాకే కెమెరా పట్టాలని గురువులు చెప్పారట. సబబే. కొమ్మ మీద నిలదొక్కుకోలేనివాడి చేతికి మేమూ చిక్కం ఇవ్వం. మావాడు మాత్రం చింతపల్లి తీరాన మునిగిన పాత ఓడ దగ్గర, స్నేహితుడి కెమెరాతో తొలి ఫొటోలు తీసేశాడు. అన్నీ నీలమే! నీళ్ళు ముందుగా ఎరుపునే మింగుతాయట. 10 మీటర్లు దిగేసరికి దాదాపు మాయం. అంటే మా ఆవిడ పెట్టిన ఆవకాయ అక్కడ బూడిదరంగులో కనబడుతుంది. అలాంటి చోటికి మనిషన్నవాడు డబ్బిచ్చి పోతాడా?

దానికి విరుగుడు ఫ్లాష్. అది వెలిగిస్తే నీళ్ళలోని నలుసులన్నీ మెరిసి, ఫొటో నిండా పేలాలు చల్లినట్టుంటుంది. దానికి విరుగుడు ఫ్లాష్‌ను పక్కకు జరిపే కడ్డీలు. ప్రతి విరుగుడికీ ఒక బిల్లు. చేపకు దగ్గరగా వెళ్ళడం ఒక్కటే ఉచితం. దానికి చేప ఒప్పుకోవాలి. పైగా ముసుగు అద్దంలోంచి ఏదైనా మూడో వంతు పెద్దగా కనబడుతుందట. మా షావుకారుకి గట్టు మీదే పండు మూడో వంతు చిన్నగా కనబడుతుంది. వాణ్ణి ఒకసారి ముంచితే బాగుండును.

చివరికి కెమెరా కొన్నాడు. దాన్ని పెట్టే నీరు చొరని డబ్బాకి కెమెరాకంటే ఎక్కువైంది. పండుకంటే బుట్ట ప్రియమైన బేరం మా మార్కెట్లో నేనెన్నడూ చూడలేదు.

సెలవుకొచ్చి, పెరట్లో గాబులో పరీక్ష పెట్టాడు. కెమెరా తీసేసి, ఖాళీ డబ్బాలో పొడి కాగితం ఉంచి ముంచాడు. పైకి తీస్తే కాగితం తడి. వాడి ముఖం వాడిపోయింది. మా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుని వచ్చి, మూత అంచున గాడిలో ఉన్న నల్లటి రబ్బరు చుట్టను వెలుతురుకెత్తి చూసింది. దానికి వెంట్రుకంత గడ్డిపోచ అంటుకునుంది. పక్కగదిలో మాగవేసిన రసాల కిందిది. దాన్ని తీసి, చుట్టంతా వేలితో తడిమి, పలచగా గ్రీజు రాసి బిగించింది. మళ్ళీ ముంచితే కాగితం పెళపెళలాడింది. ముప్పై ఏళ్ళుగా జాడీకి వాసెన కట్టి చుక్క నీరు చేరనివ్వని చెయ్యి మరి!

ఆ రోజు నుంచి తల్లీకొడుకులు ఒక జట్టు. మా ఇంట్లో ఇంతకాలం నేను తడి చేత్తో ముట్టకూడని వస్తువు ఒక్కటే ఉండేది. ఇప్పుడు రెండు.