పూత లెక్కల మాస్టారు

ఉద్దానం నుంచి అమెరికా బడికి వెళ్లిన లెక్కల మాస్టారిని గుర్తుపట్టడం తేలిక. మార్చి నెలాఖరున వాషింగ్టన్ టైడల్ బేసిన్ ఒడ్డున జనమంతా చెర్రీ పూలతో సెల్ఫీలు దిగుతుంటే, కొమ్మ కింద నిలబడి పెదవులు కదుపుతుంటారే, ఆయనే. పూలు లెక్కపెడుతున్నారు.

ఆయన్ని అనడానికి లేదు. పలాస పక్క పుట్టినవాడికి పూతంటే షావుకారికి చెప్పుకునే వాయిదా. జీడి పూత దిగిందంటే ఇంట్లో నవ్వులు బందు. మంచు పడితే మాడుతుంది, మబ్బు పడితే టీ దోమ వాలుతుంది. అన్నీ దాటినా గుత్తిలో ఎక్కువ మగపూలే, పిక్క కట్టేవి కాసినే. 80 కేజీల బస్తా ధర తేలేదాకా పూలకేసి చూసి ‘ఆహా’ అన్న మనిషి ఆ ఊళ్లో లేడు.

అలాంటి మాస్టారు జె-1 వీసా మీద వర్జీనియా పిల్లలకు భిన్నాలు చెప్పడానికి వెళ్లారు. తోటి టీచర్లు పూలు చూపించడానికి లాక్కెళ్లారు. 1912లో టోక్యో నగరం కానుకగా పంపిన 3,020 మొక్కల కథ చెప్పారు. మాస్టారు తలూపారు. యోషినో రకం చెర్రీ పూలు 70 శాతం విచ్చుకుంటేనే నిండు పూత కింద లెక్క అన్నారు వాళ్లు. శాతం వినగానే మాస్టారి కళ్లు మెరిశాయి.

“కాపెంత?” అని అడిగారు.

మనం తినే కాయలు కాయవన్నారు. మాస్టారికి ఆ రాత్రి నిద్ర లేదు. ఇంటికి వీడియో కాల్ చేసి చూపించారు.

“కాయెప్పుడు దిగుతాది బావూ?” అంది తల్లి.

“కాయదే అమ్మా. చూడ్డానికే.”

“కాయని సెట్టుని నరక్కుండా ఒగ్గేసినారా!”

2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొట్టి తెల్లారేసరికి తోట నేలకూలితే, ఆయన తండ్రి నష్టపరిహారం కోసం పడిన చెట్లు లెక్కపెట్టించుకున్నారు. ఇక్కడేమో 2024లో డొల్ల కాండపు ముసలి చెర్రీ ‘స్టంపీ’ని తీసేస్తున్నారంటే జనం పూలగుత్తులతో వచ్చారు. చెట్టుకు పేరు పెట్టి ఏడవొచ్చని మాస్టారికి అప్పుడే తెలిసింది.

అక్కణ్నుంచి ముదిరిపోయారు. టెక్కలి నుంచి కొత్తగా దిగిన టీచరుకు బ్యాంకు ఖాతా కంటే ముందు పూత తేదీలు చెప్పేవారు. “కాపు సంగతి మాత్రం అడక్కండి, పరువు పోతుంది” అని హెచ్చరించేవారు.

వీసా గడువు తీరి ఊరొచ్చాక అసలు చిక్కొచ్చింది. మాఘమాసంలో పక్కవాళ్ల జీడితోటలో తలెత్తి నిలబడిపోయారు. గులాబి చారల సన్న పూలు, చుట్టూ తేనెటీగలు, ముక్కుకు తియ్యటి వాసన. లెక్కపెట్టడం కూడా మరిచారు. గట్టు మీంచి రైతు పరిగెత్తుకొచ్చాడు.

“నాభం నేదు మాస్టారూ! పూత మీదే తోట ఇచ్చీసినాం. బేరం అయిపోనాది!”