బండికి స్టిక్కర్ వేయించారా? ఈ జాగ్రత్తలు తీసుకోండి

బెజవాడలో పచ్చళ్ల వ్యాపారం మీది. కొత్త టాటా ఏస్ కొన్నారు. రెండు పక్కలా, వెనక తలుపు మీదా కంపెనీ పేరు, నిగనిగలాడే ఎర్రటి ఆవకాయ జాడీ బొమ్మ, ఫోన్ నంబరు వేయించారు. శుభం. స్టిక్కర్ షాపు కుర్రాడు వెళ్తూ వెళ్తూ ఏవో జాగ్రత్తలు చెప్పే ఉంటాడు. ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి. పొద్దస్తమానం స్టిక్కర్లు అంటించుకునేవాడికి స్టిక్కర్ల గురించి ఏం తెలుస్తుంది?

అసలు తెలివి వేయించేటప్పుడే చూపించాలి. వినైల్‌లో కాస్ట్ అని ఒకటుంది. సుమారు 50 మైక్రాన్ల మందాన పల్చగా ఉండి, రేకు వంపుల్లోకీ, రివెట్ల మీదకీ ఒదిగిపోయి ఏళ్ల తరబడి కదలదు. క్యాలెండర్డ్ అనేది ఇంకొంచెం మందం, చవక. రోలర్ల మధ్య సాగదీసి చేసింది కనక ఎండ తగిలేకొద్దీ మళ్లీ ముడుచుకుపోదామని చూస్తుంది, అంచుల దగ్గర జిగురు గీత బయటపడుతుంది. మీరు ఈ రెండోదే తీసుకోండి. దుప్పటి కొనేటప్పుడు మందం చూడమూ? ఇదీ అంతే. లామినేషన్ గట్టిగా వద్దనండి. ఎండ నుంచీ గీతల నుంచీ సిరాని కాపాడుతుందట. కంటికి కనిపించని పొరకి డబ్బులివ్వడానికి మనమేం అమాయకులమా?

వేయించిన సాయంత్రమే బండిని వాటర్ సర్వీసింగ్‌కి పంపండి. జిగురు పట్టుకోవడానికి ఒకటి రెండు రోజులైనా టైమివ్వాలంటారు. బండి మాత్రం దుమ్ముతో గుడికెళ్తుందా? ప్రెషర్ గన్ కనీసం అడుగు దూరంలో ఉండాలనీ, నీళ్లు ఎదురుగా పడాలనీ ఒక నియమం ఉంది. అది పిరికివాళ్లకి. మీరు సర్వీసింగ్ కుర్రాడితో జానెడు దూరం నుంచి, ఏటవాలుగా, సరిగ్గా స్టిక్కర్ అంచు కిందకి కొట్టించండి. ఏ మూల బలహీనంగా ఉందో అక్కడికక్కడే తేలిపోతుంది. ఇంతకన్నా మంచి నాణ్యతా పరీక్ష లేదు.

తర్వాత పూజ. దుర్గమ్మ కొండ కింద వాహన పూజ చేయిస్తారు కదా, గంధం, పసుపు, కుంకుమ ధారాళంగా పెట్టించండి. ఖాళీ రేకు మీద కాదు, జాడీ బొమ్మ మీదా, తెల్లటి అక్షరాల మీదా. వెంటనే కడిగితే అపచారం. పదకొండు రోజులు ఆగండి. బంతిపూల దండని సెల్లో టేపుతో బొమ్మకే అంటించండి. లామినేషన్ వద్దన్నారు కాబట్టి టేపు పీకినప్పుడు కాస్త సిరా కూడా దానితో వస్తుంది. ప్రసాదం అనుకోండి.

రోజువారీ శుభ్రతకి డీజిల్‌ని మించింది లేదు. పాత బనీను ముక్కని డీజిల్‌లో ముంచి ఒక్క తుడుపు తుడిస్తే స్టిక్కర్ పెళ్లికొడుకులా మెరుస్తుంది. మధ్యాహ్నానికి బందరు రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంటుంది. సాయంత్రం మళ్లీ తుడవండి. డీజిల్ అంచుల్లోంచి లోపలికి పాకి జిగురుని మెత్తబరుస్తుందని కొందరి బాధ. ఏళ్ల తరబడి బిగుసుకున్న జిగురుకి కాస్త విశ్రాంతి అక్కర్లేదా? టైర్లు తుడిచిన గుడ్డతోనే స్టిక్కర్ కూడా తుడిస్తే ఒక గుడ్డ మిగులు.

ఎండకి రంగు పోతుందంటారు. పోనివ్వండి. ప్రింటులో ఎరుపునిచ్చే మెజెంటా, పసుపు సిరాలు సాధారణంగా ముందు వెలిసిపోతాయి. నీలం, నలుపు మిగులుతాయి. రెండు మూడు వేసవులు గడిచేసరికి మీ ఎర్రావకాయ నీలంగా మారుతుంది. ఎర్రటి ఆవకాయ వీధికొకరు అమ్ముతారు. నీలం ఆవకాయ మీ ఒక్కరిదే. బండిని రోజూ గోడ పక్కన ఒకే ముఖంగా నిలపండి. గోడ వైపు కొత్తగా, వీధి వైపు పాతగా ఉండి, చూసేవాళ్లకి మీకు రెండు బళ్లున్నాయనిపిస్తుంది. తప్పనిసరై చెట్టు నీడన పెడితే కాకులు ఎక్కువగా వాలే కొమ్మ చూసుకోండి. రెట్ట పచ్చిగా ఉండగా నీళ్లతో కడగొద్దు. బాగా ఎండాక గోటితో గీకండి.

బుడగలొస్తే సూదితో చిన్న బెజ్జం చేసి గాలి బయటికి నొక్కడం పాత పద్ధతి. మీరు బ్లేడు తీసుకుని అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గట్టిగా కోయండి. కోత పెయింటు దాకా దిగితే వానాకాలంలో తుప్పు దానంతటదే మొదలవుతుంది. లేచిన అంచుకి ఫెవిక్విక్ వేసి బొటనవేలితో నొక్కండి. యజమాని వేలిముద్ర శాశ్వతంగా ఉంటుంది, దస్తావేజు మీద ఉన్నట్టే.

జాగా చాలలేదనిపిస్తే వెనక మెరిసే ఎర్ర టేపు మీద కూడా ‘ఒక్కసారి తింటే వదలరు’ అని రాయించండి. రాత్రిపూట వెనకొచ్చే లారీ డ్రైవరు దగ్గరికొచ్చి మరీ చదువుకుంటాడు. అద్దాల్నీ వదలొద్దు. నల్ల ఫిల్ములు కూడదని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. మీది ఎర్ర ఆవకాయ కాబట్టి మీకు వర్తించదు. ఎస్సైగారికి కూడా ఇదే చెప్పండి.

అన్నిటికన్నా ముందు ఊడేది ఫోన్ నంబర్లో చివరి అంకె. అది వెనక తలుపు గొళ్లెం పక్కనే ఉంటుంది, సరుకు దించిన ప్రతిసారీ నూనె చెయ్యి తగిలేది అక్కడే. కంగారు పడి కొత్తది అంటించకండి. తొమ్మిదంకెల నంబరుకి ఎవరూ ఫోన్ చేయలేరు. మధ్యాహ్నం కునుకు చెడదు.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటించినా మీ స్టిక్కర్ ఇంకా మెరుస్తూనే ఉందంటే, లోపం నా సలహాల్లో లేదు. మీ డ్రైవరు మీకు తెలియకుండా దాన్ని షాంపూ నీళ్లతో, మెత్తటి గుడ్డతో కడిగి నీడలో పెడుతున్నాడు. పిలిచి గట్టిగా అడగండి.