ఆరో వేలి నుంచి ఆయమ్మ దాకా

1956లో పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఆంధ్ర ప్రాంతంవాడైతే ఉప ముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలి, ఆయన తెలంగాణవాడైతే ఈయన ఆంధ్రవాడు కావాలి. నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. నీలం సంజీవరెడ్డి గద్దెనెక్కారు. డిప్యూటీ సంగతేమిటని అడిగితే, అది చేతికి ఆరో వేలు లాంటిదని చెప్పి చేతులు దులిపేసుకున్నారు. ఆరో వేలి బాధ ఆయనకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! కర్నూలు రాజధానిగా ఉన్న ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం పక్కన ఉప ముఖ్యమంత్రిగా కూర్చున్నది ఆయనే.

2019 వచ్చేసరికి ఆ వేలికి మంచి రోజులొచ్చాయి. జగన్మోహన్ రెడ్డి 25 మంది మంత్రులతో కొలువు తీరిస్తే అందులో ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు. అంటే ఆరో వేళ్లే ఐదు. ఎస్సీలకు ఒకరు, ఎస్టీలకు ఒకరు, బీసీలకు ఒకరు, మైనారిటీలకు ఒకరు, కాపులకు ఒకరు. కుర్చీ ఒక్కటే ఉంది, కోసి పంచడం కుదరదు, కనుక కుర్చీ పేరును కోసి పంచారు. ఏ కులాన్ని అసలు కుర్చీ దాకా రానివ్వరో ఆ కులానికి ఈ విశేషణం తప్పకుండా దక్కుతుంది. సామాజిక న్యాయమంటే విశేష్యం మా ఇంట్లో, విశేషణం మీ ఇంట్లో అన్నమాట.

ఈ పదవి కోసం రాజ్యాంగంలో వెతక్కండి, లేదు. 1989లో దేవీలాల్ ఉప ప్రధానినంటూ ప్రమాణం చేస్తే కొందరు కోర్టుకెక్కారు. ఆయనా అందరిలాంటి మంత్రే, ముందు తగిలించుకున్న మాట ఒట్టి వర్ణన అని సుప్రీం కోర్టు తేల్చింది. 2024 ఫిబ్రవరిలో ఉప ముఖ్యమంత్రుల నియామకాల మీద వేసిన పిటిషన్‌నూ అదే దారిలో కొట్టేసింది. అది పేరుకే, దానివల్ల జీతం కూడా పెరగదంది. రూపాయి పెరగని ఆ పేరు కోసం మనవాళ్లు ఎన్ని అలకలు పూనారో, ఎంతమంది అనుచరుల చేత రోడ్ల మీద టైర్లు తగలబెట్టించారో ధర్మాసనానికి ఎవరు చెప్పాలి?

మంత్రులను వదిలేసి సచివాలయం మెట్లెక్కండి. అడిషనల్ సెక్రటరీ, జాయింట్ సెక్రటరీ, డిప్యూటీ సెక్రటరీ, అసిస్టెంట్ సెక్రటరీ. అందరికీ ముందో మాట ఉంది. పని మాత్రం ఎప్పుడూ ముందు గదిలోనో వెనక గదిలోనో ఉంటుంది. తెలంగాణ 2020లో జాయింట్ కలెక్టర్లను తీసేసి అడిషనల్ కలెక్టర్లను తెచ్చింది. బోర్డు మారింది, రబ్బరు స్టాంపు మారింది. రైతు పాస్‌బుక్ ఫైలుకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. ఇక మన ఆఫీసుల అసలు ఘనత ఎఫ్‌ఏసీ, అంటే ఫుల్ అడిషనల్ ఛార్జ్. ఒకే అధికారి ఒకే కుర్చీకి పూర్తిగా అదనం! మీరు ఈ ఆఫీసుకు వెళ్తే ఆయన ఆ ఆఫీసులో ఉంటాడు, ఆ ఆఫీసుకు వెళ్తే ఈ ఆఫీసులో ఉంటాడు. రెండుచోట్లా పూర్తిగా, రెండుచోట్లా అదనంగా, ఎక్కడా లేకుండా.

ఈ విద్య మనకు నేర్పిన గురువులు తెల్లవాళ్లు. 1798లో వెల్లస్లీ దొర నిజాం అలీఖాన్ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. దాని పేరు సబ్సిడియరీ అలయన్స్. మన పాఠ్యపుస్తకాలు ఇంకో అడుగు ముందుకేసి సైన్య సహకార పద్ధతి అన్నాయి. ఎంత వినయమైన మాట! కంపెనీ సిపాయిలు ఊరికే సాయంగా వచ్చి ఉంటారు, నిజాం ఏటా 24 లక్షల పైచిలుకు రూపాయలు ఇచ్చుకోవాలి. రెండేళ్లు తిరిగేసరికి ఆ సాయం ఖర్చు కింద కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు కంపెనీ చేతిలోకి పోయాయి. దత్త మండలాలట. దత్తత పోయినట్టు, ఎవరో పిల్లల్లేనివాళ్లు ముచ్చటపడి తీసుకున్నట్టు! ఆ తర్వాత 1853లో సైన్యం బాకీల కింద బేరారు పోయింది. ఆ సహాయక సైన్యానికి విడిది కోసం సికింద్రాబాద్ పుట్టింది. సహాయం కూర్చుంటే ఊరవుతుంది, లేస్తే జిల్లాలు పోతాయి.

ఇంగ్లీషు భాష బతికిందీ ఇదే ఎత్తుతో. 1950లో రాజ్యాంగం దానికి 15 ఏళ్లు గడువిచ్చింది. 1963 చట్టం ఆ గడువు దాటాక కూడా వాడుకోవచ్చంది. ఇప్పుడది అనుబంధ అధికార భాష. అనుబంధంగానే సుప్రీం కోర్టులో తీర్పులు చెబుతోంది, అనుబంధంగానే మన పిల్లల స్కూలు ఫీజు తీసుకుంటోంది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పైనున్నవాళ్లకు ఈ మాటలు నగలు. మెట్లు దిగి పల్లెకొస్తే ఇవే మాటలు జీతంలో కోతలు.

ఊళ్లో నర్సమ్మ ఉంటుంది. కాగితం మీద ఆవిడ ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్, అంటే సహాయక నర్సు. ఎవరికి సహాయం? మైదానంలో 5,000 మందికి, కొండల్లో 3,000 మందికి ఒక సబ్ సెంటర్ అన్నది లెక్క. టీకా వెయ్యాల్సింది ఆవిడ, గర్భిణీ బీపీ చూడాల్సింది ఆవిడ, జ్వరాల సర్వే ఆవిడ, ఆన్‌లైన్‌లో ఎక్కించేదీ ఆవిడ. అసలు నర్సు ఎక్కడుందో ఆ ఊరు చూసి ఎరగదు. ఆవిడ పక్కన ఆశా వర్కర్. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వెయ్యి మందికి ఒకరు చొప్పున పుట్టించిన ఈమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. అర్ధరాత్రి పురిటినొప్పులొస్తే 108 ఎక్కి ఆసుపత్రి దాకా స్వచ్ఛందంగా వెళ్లాలి, ఆ కాన్పుకు ఇంత అని వచ్చేదాన్ని స్వచ్ఛందంగా లెక్క చూసుకోవాలి.

వీళ్లందరి కింద అంగన్‌వాడీ ఆయమ్మ. సర్కారు భాషలో హెల్పర్. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలైన నాటి నుంచి టీచరుకూ ఆయాకూ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఈ దేశంలో గౌరవం ఎంత చవకో తెలియాలంటే ఆ మొత్తం చూస్తే చాలు. వాళ్లకు గ్రాట్యుటీ ఇచ్చి తీరాలని 2022లో సుప్రీం కోర్టు చెప్పాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు జీతం పెంచమని, గ్రాట్యుటీ అమలు చేయమని సమ్మెకు దిగారు. 42 రోజులు రోడ్డు మీదే ఉన్నారు. మధ్యలో జనవరిలో ప్రభుత్వం వాళ్ల మీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. గుడ్డూ పాలూ పంచే సహాయకులు, ఉద్యోగులే కానివాళ్లు, గౌరవం తప్ప ఏమీ అడగకూడని ఆడవాళ్లు ఒక్క జీవోతో అత్యవసరమైపోయారు. నెలాఖరుకు మాత్రం వాళ్ల పేరు హెల్పరే.

ఆ జీవో ముసాయిదా రాసింది ఏ అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసరో అయ్యుంటాడు. డిప్యూటీ దిద్ది ఉంటాడు, జాయింట్ చూసి ఉంటాడు, అడిషనల్ పంపి ఉంటాడు. పాపం, వాళ్లంతా నెలజీతగాళ్లు.