నేల విడిచిన ఫోర్‌ బై ఫోర్‌

బెంగళూరులో ఉద్యోగం, ముళబాగిలు పక్కన అరెకరం మామిడితోట ఉన్న పెద్దమనుషులకు ఈ మధ్య జ్ఞానోదయమైంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్‌ బై ఫోర్‌ బండి లేనిదే పల్లెకు పోలేమట! నిన్నటిదాకా వాళ్ళ నాయనలు ఎర్రబస్సు దిగి, చెప్పులు చేతపట్టుకుని నడిచిపోయిన పల్లెలే అవి.

దారి సంగతి చూద్దాం. బెంగళూరు నుంచి కోలారు మీదుగా ముళబాగిలుకు సుమారు 100 కి.మీ., అంతా 75వ నంబరు జాతీయ రహదారి. ఆఖర్న ఓ మైలు మట్టిదారి. ఆ మైలు కోసం అదనపు గేరుపెట్టెనూ ముందు యాక్సిల్‌నూ వంద కిలోమీటర్ల డీజిలు తాగించి మరీ ఊరేగించాలి. ఉత్సాహం ఆగక తారురోడ్డు మీదే నాలుగు చక్రాలనూ కలిపే ‘ఫోర్‌ హై’ వేసే వీరులూ ఉన్నారు. థార్, జిమ్నీ లాంటి బండ్లలో ముందు, వెనక చక్రాల వేగాల తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్‌ ఉండదు. పొడి తారు మీద అలా మలుపు తిప్పితే ముందు చక్రాలూ వెనక చక్రాలూ పోట్లాడుకుంటాయి. దెబ్బలు గేర్లకు తగులుతాయి.

థార్‌ 650 మి.మీ. లోతు నీళ్ళలో దిగుతుందని కంపెనీవాళ్ళు చెబుతారు. సంతోషం. దిగడానికి నీళ్ళేవీ? వెయ్యి అడుగులు దాటించి బోరు వేసినా దుమ్ము లేచే కోలారు జిల్లా ఇది. 2018 నుంచి మా చెరువుల్లో తళతళలాడుతున్నది బెంగళూరు మురుగును శుద్ధిచేసి పంపిన నీరు. ఆ మహానగరం వాడి వదిలిన నీళ్ళను ఆ నగరవాసే బండితో దాటి సాహసం అనుకోవాలి కాబోలు.

ఇక కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌. ఆ పేరుతో సినిమా వచ్చాక అక్కడి సైనైడ్‌ దిబ్బలు వీళ్ళకు బండ్లు తోలే ఎడారి అయ్యాయి. బంగారం తీసుకున్నాక మిగిలిన పిండిమట్టి అది. గాలి వీస్తే దాని దుమ్ము పోయేది గని కార్మికుల లైన్లలోకి. 2001లో గనులు మూతపడ్డా ఆ ఇళ్ళల్లో మనుషులున్నారు, వాళ్ళకు ఊపిరితిత్తులున్నాయి. మూడు కిలోమీటర్ల లోతుకు కేజ్‌లో దిగి బంగారం తవ్విన ఊరికి సాహసం నేర్పడానికి, ఏసీ వేసుకుని అద్దాలు బిగించుకున్నవాడు రావాలా?

పల్లెదారి తెలిసిన బండి చూడాలంటే తెల్లవారకముందే కోలారు టమాట మార్కెట్‌కు పోవాలి. 15 కిలోల బాక్సులు మెడదాకా పేర్చుకుని చేలగట్ల మీంచి వచ్చే పికప్పుల్లో చాలావాటికి వెనక చక్రాలకే ఇంజను బలం. 2023 జులైలో బాక్సు 2,000 రూపాయలు దాటినప్పుడూ ఎర్రబంగారాన్ని మోసింది అవే. ఆ డ్రైవర్ని అడిగితే మూడు మాటలు చెబుతాడు: టైరు అరగకూడదు, అడుగు తగలకూడదు, విడిభాగం బంగారుపేటలో దొరకాలి.

నాలుగు చక్రాల బలం దండగని కాదు. వానకు నానిన ఎర్రమట్టి ఏటవాలును రోజూ ఎక్కాల్సినవాడికీ, బురదలోంచి ట్రాలీ లాగాల్సినవాడికీ నెమ్మదిగా, బలంగా లాగే ‘ఫోర్‌ లో’ నిజంగా చేయూత. వాళ్ళు కొనాల్సిందే. కానీ నున్నటి టైర్లతో పోతే రెండు చక్రాలకు బదులు నాలుగూ జారతాయి, అంతే తేడా. పైగా బండి కదలడానికే ఆ గొప్ప. ఆపేటప్పుడు అమ్మమ్మగారి మారుతికీ నాలుగు చక్రాల బ్రేకులే!

నా అసలు బాధ వేరే. ఊరి రోడ్డు గుంతలు పడితే పంచాయతీలో అడగగల నోరు, ఆఫీసరుకు ఫోను చేయగల పలుకుబడి ఉన్నది ఈ పెద్దమనుషులకే. వాళ్ళు లక్షలు పోసి గుంతను దాటే బండి కొనుక్కుంటే ఇక గుంత సంగతి వాళ్ళకెందుకు? పాలక్యాన్లు కట్టుకుని డెయిరీకి పోయే మోపెడ్‌వాడు మాత్రం రోజూ అందులోనే పడి లేస్తాడు. అయ్యా, మీరు బండి ఏదైనా కొనుక్కోండి. కొనేముందు ఒక అర్జీ మీద సంతకం పెట్టిపోండి.