బామ్మ వాక్యానికి ‘సందేహవర్ధనీ’ వ్యాఖ్య

అవతారిక

కాళిదాసు రఘువంశానికి మల్లినాథసూరి ‘సంజీవని’ రాశాడు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్న మనిషి ఆయన. ఇంటిపేరు కొలచలమ. మెదకు సీమలోని కొల్చారం ఆయన ఊరంటారు. అంతటి వంశకావ్యానికి టీక రాసినవాణ్ణి కూడా తెలుగువాళ్ళు చివరికి ఊరిపేరుతోనే పట్టుకున్నారు.

ఇక్కడి గ్రంథం రఘువంశమంతది కాదు. నాలుగు వాక్యాలు. కర్త్రి ఒక బామ్మ. ఎనభై అయిదేళ్ళు. కృష్ణా డెల్టాలో, ఉప్పుగాలి తగిలే దూరంలో ఉన్న పల్లె. పుట్టిల్లు పడమటి వీధి, మెట్టినిల్లు తూర్పు వీధి, మధ్యలో చెరువు. ఇంటిపేరు కొత్తపల్లి. గ్రంథరచనా కాలం ఏమిటంటే, ఇంట్లో ఏ పెళ్ళయినా సరే, రెండో బంతి లేచాక, ఆవిడ వక్కపలుకు బుగ్గన పెట్టుకునే వేళ. ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. అర్థం ఎవరికీ పట్టలేదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మనవడొకడు వంశవృక్షం గీస్తానని కూర్చోవడంతో వ్యాఖ్య అవసరమైంది.

మూలము

“మనది అసలు ఈ ఊరు కాదర్రా. నందన కరువులో మా ముత్తాతకి ముత్తాత తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడట. రాజుగారు మెచ్చి పదెకరాల మాన్యం ఇచ్చాడట. ఆ కాగితాలు ఉప్పెనలో పోయాయి.”

ప్రతిపదార్థము

అసలు = మొదట, మూలంలో. ఈ మాట అరబ్బీది. అక్కడ ‘అస్ల్’ అంటే వేరు. పారసీ మీదుగా, ఉర్దూ మీదుగా వచ్చి తెలుగింట్లో కాపురం పెట్టింది. మన వేరు ఎక్కడుందో చెప్పాల్సిన మాటకే వేరు వేరేచోట ఉందన్నమాట. బామ్మకి ఈ సంగతి చెబితే “అయితే ఏంటిట?” అంది.

ఈ ఊరు కాదు = మరి ఏ ఊరు? దీనికి జవాబు ఇంటిపేరులో ఉంటుందని లోకం నమ్మకం. నమ్మకం ఉత్తది కాదు. రాజమండ్రిలో 1848లో పుట్టిన వీరేశలింగం ఇంటిపేరులో కందుకూరు ఉంది. కావేరీ ఒడ్డున తిరువయ్యారులో బతికిన త్యాగరాజు ఇంటిపేరులో పాత ప్రకాశం జిల్లా కాకర్ల ఉంది. తిరుత్తణిలో పుట్టిన రాధాకృష్ణన్ పేరు ముందు నెల్లూరు జిల్లా సర్వేపల్లి ఉంది. కందుకూరులో కాపురమున్న నాడు కందుకూరివారు అనరు గదా! అందరూ కందుకూరివారే. ఊరు దాటి వెళ్ళాక, ఆ కొత్త ఊరివాళ్ళు పెట్టే పేరది. కాబట్టి ఊరిపేరు ఇంటిపేరుగా ఉన్న కుటుంబం ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరు వదిలినట్టే లెక్క.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. బమ్మెర పోతన మాటేమిటి? ఓరుగల్లు దగ్గరి బమ్మెర ఆయనదనే వాళ్ళకి ఇంటిపేరే పెద్ద సాక్ష్యం. ఒంటిమిట్టవైపు వాళ్ళు ఇంటిపేరు వచ్చిన ఊరూ, కవి ఉన్న ఊరూ ఒకటే కానక్కర్లేదంటారు. ఈ పోట్లాటలో తలదూర్చడం ఈ వ్యాఖ్యాత వంటికి మంచిది కాదు.

ఇంటిపేరు వ్యాకరణం కూడా కాస్త చూడాలి. ఊరు ‘ఊరి’ అవుతుంది, పాడు ‘పాటి’ అవుతుంది. కల్లు ‘కంటి’ కావడం వల్లనే ఓరుగల్లు నుంచి వచ్చినవాళ్ళు ఓరుగంటివారయ్యారు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఇలాంటివాటిని ఔపవిభక్తికాలని విడదీసి చూపించాడు. ఏరు ఏటి, గోయి గోతి, నేయి నేతి. అసలు ‘ఇంటిపేరు’ అనే మాటలోనే ఇల్లు ‘ఇంటి’ అయి కూర్చుంది. అంటే పాటి, ఊరి, కంటి అని ఉన్నవి పేర్లు కావు, “ఫలానా ఊరి” అని సగంలో ఆగిపోయిన వాక్యాలు. తరవాతి మాట ‘వాళ్ళు’. అది అరిగిపోయింది.

ఊరి జాడ లేని ఇంటిపేర్లకు ఈ సౌకర్యం లేదు. గుర్రం జాషువా, అల్లం రాజయ్య వంటివారి ఇళ్ళలో ఆ గుర్రమూ ఆ అల్లమూ ఎలా వచ్చాయో బంధువులు చెప్పే కథే శరణ్యం. తిక్కనగారి కొట్టరువు కొలువు వల్ల వచ్చిందంటారు. ఇక దత్తత వెళితే నెత్తుటి దారి ఒకటి, ఇంటిపేరు దారి ఒకటి. పూడిపెద్దివారింట పుట్టిన శ్రీశ్రీ శ్రీరంగం వారయ్యాడు. కొంపెల్లవారి పిల్లవాడు తాతగారికి దత్తుడై గుడిపాటి వెంకటచలం అయ్యాడు.

కొత్తపల్లి సంగతి వీటన్నిటికంటే కష్టం. ఇకారాంతం కనుక విభక్తి మార్పు లేదు. అర్థం చూస్తే కొత్తగా కట్టిన పల్లె. అంటే అక్కడికీ ఎక్కడినుంచో వచ్చినవాళ్ళే! మనవడు ఫోన్లో మ్యాపు తెరిచి కొత్తపల్లి అని కొట్టాడు. కరీంనగర్ పక్కన ఒకటి. నంద్యాల జిల్లాలో మండల కేంద్రమే ఒకటి. కాకినాడ జిల్లాలో ఉప్పాడ కొత్తపల్లి. తెరమీద ఎర్రచుక్కలు ఆటలమ్మ పోసినట్టు లేచాయి. పేరున్న కొత్తపల్లివారిని చూద్దామా అంటే, ప్రొఫెసర్ జయశంకర్ ఇంటిపేరు కొత్తపల్లే, ఆయన ఊరు ఓరుగల్లు వైపు అక్కంపేట. జస్టిస్ పున్నయ్యదీ కొత్తపల్లే, ఆయన శ్రీకాకుళం వారు. ఊరు వదిలిన కులాలన్నీ ఆ ఊరి పేరే తగిలించుకుంటాయి కాబట్టి, ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలుపుకోడానికి లేదు.

నందన కరువులో = నందన నామ సంవత్సరపు కరువులో. బామ్మ తారీఖు చెప్పలేదని నొచ్చుకోనక్కర్లేదు, చెప్పింది. చిక్కల్లా ఆ పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగి రావడమే. 1772 నందన, 1832 నందన, 1892 నందన, 1952 నందన, మొన్న 2012 కూడా నందనే. వీటిలో కరువుగా జనం నోట నిలిచింది 1832–33. దొరల కాగితాల్లో అది గుంటూరు కరువు, జనం నోట డొక్కల కరువు. ఆ జిల్లాలో ఉన్న సుమారు అయిదు లక్షల మందిలో లక్షన్నరకు తక్కువ కాకుండా పోయారని అంచనా. గింజలు దొరుకుతాయని మద్రాసు దారి పట్టినవాళ్ళు దారి పొడుగునా రాలిపోయారు.

ఈ ఒక్క మాటతో మనవడి ఎర్రచుక్కల్లో చాలావరకు ఆరిపోయాయి. పాత గుంటూరు జిల్లా కొత్తపల్లి కావాలి. ఆ వేసవంతా పల్నాటి ఎండల్లో మోటారుసైకిలు మీద తిరిగాడు. దొరికిన ప్రతి కొత్తపల్లిలోనూ రచ్చబండ మీద కూర్చున్నవాళ్ళు మజ్జిగ ఇచ్చారు, “మీవాళ్ళా? ఇక్కడివాళ్ళే అయ్యుంటారు” అన్నారు. మజ్జిగ ఒక్కటే నిజం.

ముత్తాతకి ముత్తాత = తండ్రి ఒకటి, తాత రెండు, ముత్తాత మూడు. ఆయనకి మళ్ళీ మూడు, వెరసి ఆరో తరం. బామ్మ 1940లో పుట్టింది. తరానికి పాతికేళ్ళు వేస్తే ఆయన పుట్టుక 1790, కరువునాటికి నలభై రెండేళ్ళవాడు, కావిడి మోయగలడు. ముప్ఫై ఏళ్ళు వేస్తే కరువునాటికి డెబ్భై రెండు, ఆయన్నే ఎవరో మోయాలి. పాతికే ఉంచుదాం.

ఆరు తరాలు గుర్తుండటం చిన్న సంగతి కాదు. తద్దినంలో పేరు పెట్టి పిలిచేది తండ్రిని, తాతని, ముత్తాతని. ఆపైవాళ్ళని శాస్త్రమే వదిలేసింది. అంతకు మించి కావాలంటే ఒకప్పుడు మనుషులుండేవారు. రెడ్ల వంశాలూ గోత్రాలూ చెప్పడానికి పిచ్చుకుంట్లవారు వచ్చేవారు, ఇప్పుడు వాళ్ళని వంశరాజులంటున్నారు. పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి మార్కండేయుడి దగ్గర్నుంచి ఎత్తుకునేవారు. మాదిగలకు డక్కలివారు జాంబపురాణం చెప్పేవారు. ఏ ఊళ్ళు ఎవరివో వాళ్ళలో వాళ్ళకి పంపకాలుండేవి. ధాన్యం కొలిస్తే వంశం నిలిచేది. కొలవడం మానేశాక ఆ పని జీతం లేకుండా బామ్మ నెత్తిన పడింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఊళ్ళో నిలిచినవాడికి కాగితం లేదు, ఓడెక్కి కూలికి పోయినవాడికి ఉంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది మొదలు, నాటాల్‌కు వెళ్ళిన ప్రతి కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, జిల్లా, వయసు, ఎత్తు, ఒంటిమీది మచ్చతో సహా పద్దులకెక్కాయి. మారిషస్‌లో మోకా దగ్గర మహాత్మాగాంధీ సంస్థలో వలసపద్దులు ఇంకా భద్రంగా ఉన్నాయి. ఆ దేశాల్లో చాలామందికి ఇంటిపేరు ఊడిపోయి నాయుడన్నదో తండ్రి పేరో మిగిలింది. కానీ ముత్తాత ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ ఉందని చెప్పగలరు. బామ్మ మనవడికి ముత్తాత మోచేయి సంగతి అటుంచి, పేరే తెలియదు.

పాఠాంతరములు

“తమ్ముణ్ణి వెంటబెట్టుకుని” అన్నచోట విజయవాడ పిన్ని ప్రతిలో “ఇద్దరు తమ్ముళ్ళని” అని ఉంది. తెనాలి పెదనాన్న ప్రతిలో తమ్ముడు లేడు, కుంకుమభరిణెతో వదినగారుంది. పెళ్ళిపందిట్లో ప్రత్యక్షమైన ఒక దూరపు బావగారి ప్రతిలో ఏకంగా ఏడుగురు అన్నదమ్ములు, ఏడు ఊళ్ళు. ఏడు సంఖ్య కనిపిస్తే కథ చెప్పేవాడికి ఊపు వచ్చిందని గ్రహించి, ఆ పాఠాన్ని పక్కన పెట్టడం పరిష్కర్తల మర్యాద. ఒక్క తమ్ముడే ఉంటాడు. ఆ తమ్ముడి సంతతి ఏమైందని అడిగితే మాత్రం తమ్ముడున్న ప్రతులన్నిటిదీ ఒక్కటే పాఠం: “మాటల్లేవు.”

పూర్వపక్షము

రాజుగారు ఎవరు? గుంటూరు వైపు రాజుగారంటే జనం నాలుక మీదికి వచ్చే పేరు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. ఆయన 1816లోనే పోయాడు. కరువులో వచ్చినవాణ్ణి చూసి మెచ్చే వీలు లేదు. కృష్ణ ఇవతల చల్లపల్లి జమీందారులున్నారు, వాళ్ళనీ రాజులనే అనేవారు. అటు మొగ్గవచ్చు. ఇంకో చిక్కు. బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది 1855లో. అంతకు ముందు ఈ చివరి భూములు కాలువనీరు ఎరగవు. ఆకలికి పారిపోయేవాడు ఉప్పునేలకి ఎందుకొస్తాడు? కరువులో ఊరు వదలడం ఒకటి, కాలువలొచ్చాక ఇక్కడ పాతుకోవడం ఒకటి, మధ్యలో పాతికేళ్ళ తిరుగుడు ఒకటి. కథ చెప్పీ చెప్పీ ఆ పాతికేళ్ళు ఒక్క ‘వచ్చాడట’లో ఇమిడిపోయి ఉండాలి.

పదెకరాలు అన్నచోట ఎకరం ఇంగ్లీషు మాట. రాజు ఇచ్చి ఉంటే ఏ కుంటల్లోనో పుట్ల విత్తనాల్లోనో ఇచ్చి ఉంటాడు. సర్వేలవాళ్ళు కొలిచాక బామ్మవాళ్ళు మార్చి చెప్పుకున్నారు. మాన్యం అనగానే పల్లకీ ఊహించుకోకూడదు కూడా. పూజారికి మాన్యం, కరణానికి మాన్యం, వడ్రంగికి, కమ్మరికి, మంగలికి, చాకలికి, చెరువుతూము కాసే నీరటికి మాన్యమే. చేసే పనికి జీతం బదులు నేల. ‘మెచ్చి’ అన్నమాట తరవాతి తరాల అలంకారం.

మాన్యం నిజమైతే జాడ దొరకాలి. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. ఆ కమిషనువాళ్ళు ఊరూరా తిరిగి ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అని అడిగి రిజిస్టర్లు రాశారు. మనవడు ఆ ఊరి రిజిస్టరు నకలు సంపాదించి, కొత్తపల్లి అన్న ఇంటిపేరు కోసం మొదటినుంచి చివరిదాకా చూశాడు. లేదు. మళ్ళీ చూశాడు.

శేషము

ఇక ‘అట’. ఇది చిన్న మాటలా కనిపిస్తుంది గానీ గ్రంథం మొత్తాన్ని మోసేది ఇదే. కళ్ళారా చూడనిదానికి తెలుగువాళ్ళు అట చేరుస్తారు. వచ్చాడట, ఇచ్చాడట. నాలుగో వాక్యం దగ్గరికొచ్చేసరికి అట లేదు: “పోయాయి.” అంటే కాగితాలు పోవడం ఆవిడ చూసింది. కాబట్టి ఆ ఉప్పెన 1864లో బందరును ముంచినది కాదు, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనే. అప్పుడు ఆవిడకి ముప్ఫై ఏడు. ఆ కాగితాలు ఏ పెట్టెలో ఉండేవని అడిగితే, “పడమటింట్లో, మా నాన్న భోషాణంలో” అంది.

ఇక్కడ వ్యాఖ్యాత కలం ఆగింది. ఇన్నేళ్ళూ అందరూ చదివిందీ, ఎవరూ చూడనిదీ రెండో వాక్యంలో ఒక మాట ఉంది. మొదటి వాక్యం ‘మనది’. వినేవాళ్ళని కలుపుకున్న మాట. రెండో వాక్యం ‘మా’. వినేవాళ్ళని పక్కన పెట్టిన మాట. తెలుగులో ఈ రెండిటికీ మధ్య గోడ ఉంది, తెలియక దాటే పెద్దవాళ్ళు తక్కువ.

తరవాతి పెళ్ళిలో, రెండో బంతి లేచాక, మనవడు పీట దగ్గరికి లాక్కున్నాడు.

“మా ముత్తాత అన్నావే, మా అంటే ఎవరు బామ్మా?”

“మా అంటే మావాళ్ళేరా. మా పుట్టింటివాళ్ళు. వినుకొండవాళ్ళు.”

“నీ ఇంటిపేరు వినుకొండా?”

“నన్నెప్పుడన్నా అడిగార్రా మీరు?”

“మరి కొత్తపల్లివాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చారు?”

బామ్మ వక్కపలుకు ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మార్చింది. “నాకేం తెలుసు? మీ తాతయ్య ఎప్పుడన్నా నోరు విప్పితేగా.”

(ఇక్కడ గ్రంథపాతము.)